మోటారుసైకిలు టైరు వెల: కర్మాగారము, అంగడి, ఆన్‌లైను

పాలకేంద్రమునకు పాలు చేర్చుటకును, ఎరువుల బస్తాను ఇంటికి దెచ్చుకొనుటకును, పొలమునకు బోయి వచ్చుటకును నేడు చాలమంది రైతులకు మోటారుసైకిలే ఆధారమైనది. బండిచక్రమునకు ఇనుపపట్టా యెట్టిదో దీనికి టైరు అట్టిది. అది యరిగినపుడు క్రొత్తదానిని పట్టణపు అంగడిలో కొనవలయునా, లేక ఫోనులో ఆన్‌లైను అంగడి చూపు వెలకు దెప్పించుకొనవలయునా యని గ్రామములకు బోయినపుడు రైతులు మమ్ము తఱచుగ నడుగుచున్నారు. వారి ప్రశ్న వెనుక నొక యనుమానము గలదు. కంపెనీ యొకటే, కొలత యొకటే, రకము నొకటే. అయినను ఫోనులో తక్కువ, అంగడిలో ఎక్కువ. అంగడివాడు మనలను మోసగించుచున్నాడా? ఈ యనుమానమును తీర్చుకొనవలెనన్న, వెల యెట్లు పుట్టునో ముందుగ తెలిసికొనవలయును.

టైరు కర్మాగారమునుండి మన చేతికి వచ్చులోపల రెండుమూడు చేతులు మాఱును. అంగడివాడు పలురకముల బండ్లకు పలుకొలతల టైర్లను నిలువ యుంచవలెను. ఆ నిలువలో అతని పెట్టుబడి చిక్కుకొని యుండును. దానికి వడ్డీ, గదికి అద్దె, బిగించు పనివానికి కూలి తప్పవు. ఆన్‌లైనులో నమ్మువాడు సామాన్యముగ పెద్ద మొత్తములలో కొనును. దూరమున గోదాములో నుంచును. బిగింపు పని అతనికి లేదు. కాని యొక్కొక్క టైరును మన గుమ్మమునకు చేర్చు ఖర్చు అతనిపై బడును. కావున వెలలలో భేద ముండినంత మాత్రమున అది మోసము కాదు.

ఇక గరిష్ఠ చిల్లర ధరను గుఱించి. దీనినే మనవారు ఎం.ఆర్.పి. యందురు. తూనికలు కొలతల నిబంధనల ప్రకారము ఇది అన్ని పన్నులతో గూడిన పైహద్దు మాత్రమే. దానికి మించి పుచ్చుకొనరాదు. దానికి తక్కువగ నమ్ముటకు ఆ నిబంధనలలో అడ్డు లేదు. అయినను చాలమంది ఈ అంకెయే వెల యనుకొని మాఱుమాట లేక చెల్లించుచున్నారు. పశువుల సంతలో తువ్వాలు క్రింద వ్రేళ్లు పట్టి గంటసేపు బేరమాడువారు టైర్ల అంగడిలో మౌనము వహించుట మాకు వింతగ నుండును. ఆన్‌లైను అంగళ్లవా రిదే అంకెను వేఱొక విధముగ వాడుకొందురు. దానిని పైన వేసి, గీత కొట్టి, క్రింద తగ్గింపు వెలను చూపి, నూటికి ఇంత మిగులునని వ్రాయుదురు. ఆ మిగులును నమ్మరాదు. మిగులును లెక్కింపవలసినది ఎం.ఆర్.పి. నుండి కాదు, మన పట్టణపు అంగడివాడు నిజముగ పుచ్చుకొను సొమ్మునుండి. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి మోటారుసైకిలు టైర్లపై జి.ఎస్.టి. నూటికి 28 నుండి 18కిని, ట్రాక్టరు టైర్లపై 18 నుండి 5కును తగ్గినది. ఈ సంగతి తెలియని రైతు పాత వెలకే కొనవచ్చును గనుక బిల్లులో పన్ను రేటును చదువుకొనవలయును.

పైహద్దు సంగతి యిది. క్రిందిహద్దు సంగతి యింతకంటె చిక్కైనది. కొన్ని దేశములలో కర్మాగారమువారు తమ సరకును ఇంతకు తగ్గించి యమ్మరాదని, లేదా ఇంతకు తక్కువ వెలను ప్రకటింపరాదని అంగళ్లవారికి షరతు పెట్టుదురు. అమెరికాలో ఈ రెండవ పద్ధతి మిక్కిలి వాడుకలో నున్నది. మోటారుసైకిలు టైర్ల వర్తకమును దీనికి వెలుపలిది కాదు. అందుచేత అక్కడ నొకే టైరునకు పది ఆన్‌లైను అంగళ్లలోను పైసా భేదము లేని వెల కనబడుట గలదు. ప్రకటనకే గాని అమ్మకమునకు కట్టుబాటు లేనిచోట, ఫోను చేసి యడిగినవానికో, సరకును బుట్టలో వేసికొనినవానికో తక్కువ వెల చెప్పుదురు. అడుగనివాడు ప్రకటించిన వెలనే చెల్లించును. అక్కడి సుప్రీముకోర్టు 1911లో డాక్టర్ మైల్స్ అను ఔషధ కంపెనీ వ్యాజ్యములో, తిరిగి యమ్ము వెలను ఒప్పందముచే కట్టడి చేయుట చెల్లదని తీర్పు చెప్పెను. 1919లో కోల్గేటు వ్యాజ్యములో, కంపెనీ తన విధానమును తానుగా ప్రకటించి, దానిని పాటింపనివానికి సరకు పంపుట మానుకొనవచ్చునని చెప్పెను. 2007లో లీజిన్ అను తోలుసామానుల కంపెనీ వ్యాజ్యములో 1911 నాటి కఠిననియమమును తీసివేసి, ఇట్టి కట్టడి పోటీకి హాని చేయునో మేలు చేయునో ఆయా సందర్భమునుబట్టి విచారింపవలెననెను. ఆ వ్యాజ్యము పుట్టినది టెక్సాసులోని యొక చిన్న అంగడి కంపెనీవారి సరకును నూటికి ఇరువది తగ్గించి యమ్మినందుకు!

కర్మాగారములవారు దీనికి చెప్పు కారణము త్రోసివేయదగినది కాదు. ఒకడు అంగడికి వచ్చి టైరును చేతితో నొక్కిచూచి, తన బండికి ఏది తగునో అంగడివాని నడిగి తెలిసికొని, ఇంటికి బోయి ఫోనులో మఱియొకనివద్ద కొనును. ఇట్లు పదిమంది చేసిన, అంగడివాడు నిలువ యుంచుట మానును. సలహా చెప్పువాడు నుండడు. అందుకే తగ్గింపునకు హద్దు వేసి అంగళ్లను కాపాడుచున్నామని వారి వాదము. ఇందు సత్యమున్నదని మేమును ఒప్పుకొందుము. కాని ఆ హద్దుచే మిగులు సొమ్ము సలహాకే వ్యయమగునను భరోసా లేదు. చెల్లించువాడు మాత్రము కొనువాడే.

సహకార సంఘముల చరిత్రలో ఈ పోరాట మొక ముఖ్యఘట్టము గనుక దానిని కొంచెము విరివిగ చెప్పుదుము. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున స్థాపింపబడిన సహకార అంగడివారు సరకును బజారు వెలకే యమ్మి, మిగిలిన లాభమును సభ్యులకు వారి వారి కొనుగోళ్ల ప్రకారము పంచిరి. ఈ పంపకమునే డివిడెండందురు. అనంతరకాలమున వెలలను కట్టడి చేసిన కర్మాగారములవారు, ఈ డివిడెండును వెల తగ్గింపే యని వాదించి, దానిని మానినగాని సంఘములకు సరకు పంపమనిరి. రేడియోలు చేయువారు అట్లే చేయగా, 1933లో అక్కడి సహకార టోకు సంఘమువారు తమ సొంత రేడియోను బయలుదేఱదీసిరి. దానికి వారు పెట్టిన పేరు డిఫయంట్, అనగా ధిక్కరించునది. బ్రిటనులో ఈ కట్టడిని మిక్కిలి సడలించిన చట్టము 1964లో వచ్చినది.

మన దేశమున 1969 నాటి గుత్తవ్యాపార నిరోధచట్టమే కనిష్ఠ వెలను విధించు షరతు చెల్లదనెను. నేడు అమలులోనున్న 2002 నాటి పోటీచట్టము 3వ సెక్షను ప్రకారము, తిరిగి యమ్ము వెలపై పెట్టు కట్టడి పోటీకి చెప్పుకోదగిన హాని చేయునదైన చెల్లదు. 2021 ఆగస్టులో భారత పోటీ కమిషనువారు మారుతీ సుజుకీ కార్ల కంపెనీకి రెండువందల కోట్ల రూపాయల జుల్మానా విధించిరి. డీలర్లు నిర్ణయించినదానికంటె ఎక్కువ తగ్గింపు నీయకుండ కంపెనీ కట్టడి చేసినదనియు, కొనువారివలె నటించు మనుష్యులను డీలర్లయొద్దకు పంపి పరీక్షింపజేసినదనియు వారు నిర్ణయించిరి. కంపెనీవారు దీనిపై అప్పీలు చేసికొనిరి. ఇది కార్ల సంగతియైనను రైతు గ్రహింపవలసిన దొకటి గలదు. “ఇంతకు తగ్గించుటకు కంపెనీ ఒప్పదు” అని టైర్ల అంగడివాడు చెప్పిన, అది చట్టమునకు సరిపడునో లేదో ప్రశ్నింపదగినదే. అది యథార్థమో, బేరములోని మాటయో తెలిసికొనుటకు మఱొక అంగడిలో నడిగి చూచిన చాలును.

ఇప్పుడు లెక్కకు వత్తము. వెల యనగా టైరు వెల మాత్రమే కాదు. ఒక టైరు అంగడిలో 2,000 రూపాయలు, ఆన్‌లైనులో 1,800 రూపాయలు అనుకొందము. ఆన్‌లైను టైరును బిగించుటకు మెకానికు వద్దకు బోవలెను. తాను అమ్మని టైరునకు అతడు కొంచెము ఎక్కువ కూలి యడుగుట లోకసహజము. ట్యూబు, వాల్వు విడిగ కొనవలసి యుండవచ్చును. టైరు వచ్చు వఱకు బండి ఆగిన, ఉదయపు పాలు చేర్చుటకు ఆటో కూలి తగులును. ఇవన్నియు గలిపి 200 రూపాయలకు మించిన, ఫోనులోని మిగులు మాయమైనట్లే. అంగడివాడు బిగింపుతో గలిపి వెల చెప్పునేమో ముందుగ నడుగవలెను. ఫోనులోని వెలను దాచక చూపి, దీనికి దగ్గరగ రాగలవా యని యడుగుటలో తప్పేమియు లేదు. కాని కొనదలపనివాడు ఊరక సలహాకై అంగడివాని కాలము వృథాచేయుట న్యాయము కాదు.

మా యనుభవములో, సామాన్యమైన కొలతల టైర్లకు, పని ముమ్మరముగ నున్న దినములలో, ఊరి అంగడియే మేలు. అంగట దొరకని కొలతకును, తొందర లేనప్పుడును, వెలలో భేదము నిజముగ పెద్దదైనపుడును ఆన్‌లైను మేలు.

ఎక్కడ కొనినను టైరు ప్రక్కగోడపై నున్న గుర్తులను చదువవలెను. 80/100-18 అనగా వెడల్పు 80 మిల్లీమీటర్లు, ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి 100 పాళ్లు, రిమ్ము వ్యాసము 18 అంగుళములు. తరువాత 47 పి యని యుండిన, ఆ టైరు మోయగల బరువు 175 కిలోలు, వేగము గంటకు 150 కిలోమీటర్లు. పాలక్యానులు, బస్తాలు మోయువారు ఈ బరువు అంకెను ముఖ్యముగ చూడవలెను. తయారీదారు తన పుస్తకములో చెప్పినదానికంటె తక్కువది వేయింపరాదు. నాలుగంకెల గుర్తు టైరు పుట్టిన తేదీ. 2324 అనగా 2024వ సంవత్సరములో 23వ వారము. ఆన్‌లైనులో ఈ తేదీని ముందుగ చూచుట సాధారణముగ సాధ్యము కాదు. అంగడిలో చేతబట్టి చూడవచ్చును, పాతదైన మఱొకదానిని తెమ్మనవచ్చును. ఐ.ఎస్.ఐ. ముద్ర లేని టైరు చవుకయైనను వద్దు.

ఆన్‌లైను టైరు ఇంటికి వచ్చిన వెంటనే, బిగింపకమునుపే ఈ గుర్తులన్నియు చూచి ఫోటో తీసికొనవలెను. ఒకమారు రిమ్ముకు బిగించినదానిని మనసు మాఱినదని చెప్పిన తిరిగి తీసికొనువారు అరుదు. సరకు లోపముగలదైనను, నకిలీదైనను, ప్రకటించినట్లు లేకున్నను అమ్మినవాడు తిరిగి తీసికొనక తప్పదని 2020 నాటి ఆన్‌లైను వర్తక నిబంధనలు చెప్పుచున్నవి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను. వినియోగదారుల సహాయమునకు ఫోను సంఖ్య 1915. అమ్మినవాడు ఏ రాష్ట్రమున నున్నను, 2019 నాటి చట్టముచే మన జిల్లా కమిషనునందే వ్యాజ్యము వేయవచ్చును. తయారీలోపమునకు కంపెనీ ఇచ్చు వారంటీలో సాధారణముగ పూర్తి వెల రాదు. అరుగక మిగిలిన భాగమునకే లెక్కగట్టుదురు. ఆ పరీక్ష డీలరు ద్వారా జరుగును గనుక దగ్గరి డీలరువద్ద కొనినవానికి ఇది సులభము.

ఒకే గ్రామమున పదిమంది సభ్యుల బండ్లకు ఒకే కొలత టైర్లు కావలసి యుండిన, సంఘ కార్యదర్శి ఆ కొలతలను ఒక కాగితముపై వ్రాసి పట్టణములోని రెండుమూడు అంగళ్లవారిని బిగింపుతో గలిపి వెల యడుగవచ్చును. ఒక్కొక్క టైరునకు రాని తగ్గింపు పదింటికి వచ్చును. టైర్లు నిలువయుండి పాతబడును గనుక, ఆ నెలలో వేయించువారి పేర్లే కాగితములో నుండవలెను. బిల్లులు మాత్రము ఎవరి పేరిట వారు తీసికొని, వానిపై టైరు కొలతను, నాలుగంకెల తేదీని, బండి సంఖ్యను వ్రాయించుకొనవలెను.