థైరాయిడు మాత్ర మోతాదు: డాక్టరుగారితో మాట పొసగనప్పుడు

మన సభ్యుల యిండ్లలో థైరాయిడు మాత్ర వేసికొనువారు చాలమంది యున్నారు. వారిలో స్త్రీలే యెక్కువ. జబ్బును గూర్చి భయపడువారు తక్కువ. తగవంతయు మోతాదు దగ్గరనే. "డాక్టరుగారు 75 వేసుకోమన్నారు, నాకు 50 చాలు" అని ఒకరు, "రిపోర్టు బాగుందన్నారు, నాకేమో మగ్గం మీద కూర్చునే ఓపికే లేదు" అని వేరొకరు కూలి డబ్బులకు వచ్చినపుడు చెప్పుచుందురు. నేను వైద్యుడను కాను. అయినను ఇట్టి భేదము వచ్చినపుడు ఎవరి మాట సరియో తేల్చుకొనుటకు ఒక దారి కలదు. డాక్టర్లను అడిగి తెలిసికొన్నదియు, చదివి తెలిసికొన్నదియు కలిపి వ్రాయుచున్నాను.

మెడ ముందు భాగమున సీతాకోకచిలుక ఆకారములో ఒక గ్రంథి యున్నది. అది థైరాక్సిన్ అను పదార్థమును తయారుచేసి రక్తములోనికి పంపును. ఒంటి వేడి, గుండె వేగము, పేగుల కదలిక దీనిపై ఆధారపడి యుండును. ఇది తగ్గినపుడు మెదడు క్రింద నున్న పిట్యూటరీ గ్రంథి ఇంకను పని చేయుమని టి.ఎస్.హెచ్. అను హార్మోనును ఎక్కువగా పంపును. కనుక సామాన్యముగా టి.ఎస్.హెచ్. అంకె పెరిగినదనగా థైరాయిడు తగ్గినదని అర్థము. ఈ తలక్రిందు లెక్క తెలియక, అంకె పెరిగినది గనుక మాత్ర ఎక్కువైనదని తలచి మానివేసినవారు మనలో గలరు. మామూలు హద్దు 0.4 నుండి 4 వరకు అందురు. లాబొరేటరీని బట్టి కొంత మారును. గర్భిణులకు, వృద్ధులకు లెక్క వేరు.

ఈ మందు కొత్తది కాదు. 1891లో ఇంగ్లండులో జార్జి మర్రే అను డాక్టరు గొఱ్ఱె థైరాయిడు రసమును ఒక రోగికి సూదిమందుగా నిచ్చెను. ఆమె 1919 వరకు జీవించెను. నేడు మనము మ్రింగు లెవోథైరాక్సిన్ మాత్ర ఫ్యాక్టరీలో చేసినదే గాని, మన గ్రంథి చేయు పదార్థమునకు దీనికి భేదము లేదు. "జీవితాంతము మందా" అని దిగులుపడువారు ఇది గమనింపవలెను.

అసలు సంగతి ఇది. ఈ మందు ఒంటిలో చాల నెమ్మదిగా తరుగును. నేడు వేసికొన్న దానిలో సగము వారము దినముల తరువాత కూడ రక్తములో నుండును. మోతాదు మార్చిన ఫలము పూర్తిగా తెలియుటకు 6 నుండి 8 వారములు పట్టును. రంగు వేయువారికి చెప్పనక్కరలేదు: తడి నూలు మీద రంగు ముదురుగా కనబడును, ఆరిన తరువాత గాని అసలు రంగు తెలియదు. మోతాదు మార్చిన పది దినములకే "నాకు పడలేదు" అనుట తడి నూలును చూచి తీర్పు చెప్పుటయే. మూడు వారములకే పరీక్ష చేయించి మరల మోతాదు మార్చు డాక్టరు విషయములోను ఇదే మాట.

ఇక ఇంటిలో తమకు తాముగా మోతాదు మార్చుకొనుటలో నున్న చిక్కు చూడుడు. ఒకామెకు 75 మైక్రోగ్రాములు వ్రాసిరి. గుండె దడ యని ఆమె దినము విడిచి దినము వేసికొన్నది. పరీక్షకు అయిదు దినముల ముందు భయపడి ప్రతిదినము వేసికొన్నది. రిపోర్టులో టి.ఎస్.హెచ్. 9 వచ్చెను. డాక్టరుగారికి ఈ కథ తెలియదు. 75 చాలలేదనుకొని 100 చేసిరి. దడయని తగ్గించుకొన్న మనిషికి మందు పెరిగినది! ఇందులో డాక్టరుగారి తప్పేమున్నది? ఆయన చేతిలోని కాగితము అబద్ధము చెప్పినది. తగ్గించి వేసికొన్నచో తగ్గించితినని చెప్పుటకు సిగ్గుపడరాదు. కోప్పడినను పడనిండు.

మోతాదు సరిగానే యుండి మందు ఒంటికి పట్టకపోవుటయు కలదు. మాత్రను పరగడుపున ఉత్త నీళ్లతో వేసికొని, అరగంట మొదలు గంట వరకు ఏమియు తీసికొనరాదు. మన యిండ్లలో లేచిన వెంటనే కాఫీ కావలెను. కాఫీతో కలిసిన మందు సరిగా ఎక్కదు. రక్తహీనతకు ఇచ్చు ఐరన్ మాత్రకు, ఎముకల కాల్షియము మాత్రకు, దీనికి నడుమ 4 గంటల ఎడము ఉండవలెను. ఈ రెండిటిని ఒకే గుక్కలో మ్రింగువారు ఎందరో! ఉదయము కుదరనివారు రాత్రి భోజనమైన మూడు గంటలకు వేసికొనవచ్చునా యని డాక్టరుగారిని అడుగవచ్చును. సీసాను రేకు కప్పు క్రింద వేడిలోను, వంటయింటి ఆవిరిలోను పెట్టరాదు. షాపులో కంపెనీ మార్చి యిచ్చినచో ఆ సంగతియు డాక్టరుగారికి చెప్పవలెను. మరి యొకటి: పాత చీటీలలో 0.1 మిల్లీగ్రాము అని యుండును, సీసా మీద 100 మైక్రోగ్రాములు అని యుండును. రెండును ఒకటే.

అన్నిటను డాక్టరే సరియని నేను చెప్పుట లేదు. అంకె హద్దులో వచ్చినను అలసట పోకపోవచ్చును. అప్పుడు "రిపోర్టు నార్మల్" అని పంపివేయుట చాలదు. రక్తహీనత యున్నదా, విటమిన్ బి12 తగ్గినదా, చక్కెర యున్నదా, నిద్ర సరిగా పట్టుచున్నదా అని చూడుమని అడుగుటకు రోగికి హక్కు కలదు. నాడె విసరు చేతికి తిమ్మిరి పట్టుట పని వలన కావచ్చును, థైరాయిడు తగ్గుట వలనను కావచ్చును. చెప్పకున్నచో ఆయనకు తెలియదు. వృద్ధులకు టి.ఎస్.హెచ్. కొద్దిగా పెరిగి, టి4 సరిగా నున్నపుడు మాత్ర అవసరమా యనునది అడుగదగిన ప్రశ్నయే. 2017లో ప్రకటించిన ఒక ఐరోపా పరిశోధనలో 65 ఏండ్లు దాటిన అట్టివారు 737 మందికి కొందరికి అసలు మందు, కొందరికి మందు లేని మాత్ర ఇచ్చి చూచిరి. అలసటలో తేడా కనబడలేదు. గుండె జబ్బు గలవారికి మొదటనే పెద్ద మోతాదు వ్రాసినను అడుగవలెను; వారికి సామాన్యముగా 12.5 లేక 25తో మొదలుపెట్టుదురు. మాత్ర వాడు స్త్రీ గర్భవతి యైనచో తరువాతి తేదీ వరకు ఆగరాదు. మొదటి వారములనుండియే మందు ఎక్కువ కావలసి యుండును గనుక వెంటనే చూపించుకొనవలెను.

దీనికి ఎదురు తగవును కలదు. మందు ఎక్కువైనపుడు కొందరికి హుషారుగా నుండును, బరువు తగ్గును. డాక్టరు తగ్గించెదనన్న ఒప్పుకొనరు. టి.ఎస్.హెచ్. 0.1 కంటె దిగిపోయి అట్లే యుండిన గుండె కొట్టుకొనుట తప్పును, ఎముకలు గుల్లబారును. హుషారును చూచి మోసపోరాదు.

మనవంటి వారికి భాష యొక అడ్డంకి. సేలములో డాక్టరుగారు తమిళము మాట్లాడును, షోలాపురములో మరాఠీ, బెంగుళూరులో కన్నడము, చీటీ ఇంగ్లీషు. "నార్మల్" అన్న మాటను "జబ్బు పోయినది" అని విని మాత్ర మానినవారున్నారు. మందు వేసికొనుచున్నందున నార్మల్ అని దాని అర్థము. చదువుకొన్న పిల్లను వెంట తీసికొని పోయి, "డాక్టరుగారూ, ఎందుకు మార్చుచున్నారు? ఎన్ని వారములు చూడవలెను? అప్పటికి తగ్గకపోతే ఏమి చేయుదురు?" అని మూడు మాటలు అడిగించవలెను. జవాబు నచ్చకున్నచో వేరొక డాక్టరుకు, వీలైనచో హార్మోనుల స్పెషలిస్టుకు చూపించుట తప్పు కాదు. 2002 నాటి భారత వైద్య మండలి నియమముల ప్రకారము రోగి అడిగినచో వైద్య రికార్డులను 72 గంటలలో ఇవ్వవలెను. రెండవ డాక్టరు చెప్పువరకు పాత మోతాదునే వేసికొనుచుండవలెను. అయితే గుండె దడ విపరీతమైనను, రొమ్ములో నొప్పి వచ్చినను తేదీల కొఱకు చూడక ఆ దినమే ఆసుపత్రికి పోవలెను.

అన్నిటికంటె పనికివచ్చునది ఒక చిన్న పుస్తకము. నూలు ఇచ్చినది, బట్ట వచ్చినది వ్రాసినట్లే తేదీ, మోతాదు, కంపెనీ పేరు, మానిన దినములు, టి.ఎస్.హెచ్. అంకె, బరువు, ఒంటి సంగతి ఒక్కొక్క వరుసలో వ్రాయవలెను. డాక్టరుగారి ముందు నోటిమాటకంటె దీనికి విలువ యెక్కువ. మా సంఘము ఆఫీసులో ఇట్లు గీతలు గీయించిన పుస్తకములు కొన్ని యున్నవి. కావలసిన సభ్యులు నూలు తీసికొను దినమున అడిగి పుచ్చుకొనవచ్చును, వెల లేదు.