మీకు తెలుసా? అచ్చాఫీసులోనూ ఓ చెక్క చెప్పు

జపాన్ వాళ్ల సంప్రదాయ చెక్క చెప్పుల పేరు గెత. దాన్ని రెండు అక్షరాలతో రాస్తారు. మొదటిదానికి ‘కింద’ అని అర్థం. రెండోది పాదరక్షల పేర్ల చివర వచ్చే అక్షరం. అంతకుముందు వాడుకలో ఉన్న ‘అషిద’ అనే పేరు చివరా అదే ఉంటుంది.

మన పావుకోళ్లకు బొటనవేలి దగ్గర గుబ్బ ఉంటుంది. గెతకు అది లేదు. చెక్క పలకకు మూడు కంతలు పెట్టి గుడ్డ పట్టీ దూర్చి బిగిస్తారు. ముందు కంత సరిగ్గా నడిమధ్యన ఉంటుంది కాబట్టి పాతకాలపు జతలో కుడీ ఎడమా తేడా లేదు. ఒక పక్క ఎక్కువ అరిగితే కాళ్లు మార్చి తొడుక్కోవడమే! అడుగున అడ్డంగా ఉండే రెండు దిమ్మలను పళ్లు అంటారు. వానాకాలంలో కిమోనో అంచుకు బురద అంటకుండా కాపాడేవి అవే. అరిగిన పళ్లు తీసి కొత్తవి బిగించే పనివాళ్లు ఒకప్పుడు వీధివీధీ తిరిగేవాళ్లు.

గిఫు ప్రాంతంలోని గుజో హాచిమన్‌లో ఏటా ఆగస్టు 13 నుంచి 16 దాకా, పెద్దలను తలచుకునే బోన్ పండగ రాత్రుల్లో, తెల్లవార్లూ వీధుల్లో నాట్యమాడతారు. ఆ నాట్యానికి గెతల చప్పుడూ ఒక దరువే.

ఇప్పుడు రోజూ గెత తొడిగేవాళ్లు తక్కువ. మాట మాత్రం చెక్కుచెదరలేదు. బడి గుమ్మంలో పిల్లలు బూట్లు విడిచిపెట్టే అరలను ఈనాటికీ ‘గెతబాకో’ అంటారు, అంటే గెతల పెట్టె. రాని మార్కులు కలిపి గట్టెక్కిస్తే ‘గెత తొడిగారు’ అంటారు, అది మనిషి ఎత్తు పెంచే చెప్పు కదా! వ్యవహారమంతా ఎదుటివాళ్లకు వదిలేస్తే ‘గెత అప్పగించినట్టు’. చెప్పులు వాళ్ల దగ్గరుంటే మనం కదలలేం మరి.

వీటన్నిటిలోకీ నాకు బాగా నచ్చింది అచ్చాఫీసు గెత. జపాన్ లిపిలో అక్షరాలు వేలల్లో ఉంటాయి. కావలసిన సీసపు అక్షరం అరలో లేకపోతే పని ఆపకుండా కంపోజిటర్ వేరొక అక్షరాన్ని తలకిందులుగా పెట్టేవాడు. దాని అడుగు భాగం కాగితం మీద రెండు లావుపాటి అడ్డగీతలుగా పడేది, అచ్చం గెత పళ్ల ముద్రలా. ప్రూఫులో ఆ గీతలు కనబడితే అక్కడ ఇంకో అక్షరం రావాలని గుర్తు. దాని పేరూ గెతే. సీసపు అక్షరాలు పోయాయి గానీ, కంప్యూటర్ల యూనికోడ్‌లో ఆ గుర్తుకు అదే పేరుతో చోటు దక్కింది.