మీకు తెలుసా? ఈ బొమ్మలాటకు చెరువే రంగస్థలం

ఉత్తర వియత్నాంలో ఎర్రనది డెల్టా వరి పల్లెల్లో బొమ్మలు నీళ్ల మీద ఆడతాయి. ఆడించేవాళ్లు వెదురు తడిక వెనక నడుము లోతు నీళ్లలో నిలబడి, నీటి అడుగున దాగిన పొడవాటి గడలతో, తాళ్లతో వాటిని కదిలిస్తారు. నాట్లు వేసే ఆడవాళ్లు, దున్నే గేదె, బాతుల్ని ఎత్తుకుపోయే నక్క, దాని వెంటపడే రైతు: ఈ కథలన్నీ పొలం గట్టున పుట్టినవే. బొమ్మలు చెక్కేది తేలికైన మేడి కర్రతో. అవును, మన మేడిచెట్టే! తడికి పాడవకుండా పైన లక్క పూత పూస్తారు. ఆటకు నాంది పలికే చు తేవు చొక్కా లేని, బొజ్జ ఉన్న నవ్వులమారి. తోలుబొమ్మలాటలో కేతిగాడికి దగ్గరి చుట్టమనొచ్చు. ఈ ఆట ఎంత పాతదంటే, 1121 నాటి శాసనం ఒకటి రాజు ఎదుట నీళ్లలో ఈదిన బంగారు తాబేలు బొమ్మను వర్ణించింది.

కిటుకుల విషయంలో మాత్రం ఊళ్లకు మహా పట్టుదల. కూతుళ్లకు సైతం నేర్పేవారు కాదట, పెళ్లయి పొరుగూరికి వెళ్తే గుట్టు రట్టవుతుందని! ఇప్పుడు హనోయ్‌లోని థాంగ్ లాంగ్ థియేటర్‌లో ఆడవాళ్లూ నీళ్లలోకి దిగి బొమ్మలాడిస్తున్నారు.