ఒక్కటే డిస్కు, నాలుగు త్రోవలు

తన సర్వరునకు స్టోరేజి పెట్టెనుండి ఒక్క డిస్కునే కేటాయించుకొనగా, లైనక్సు దానిని ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ, ఎస్‌డీఈ యను నాలుగు పేర్లతో చూపుచున్నదనియు, తక్కిన మూడును ఎచ్చటినుండి యూడిపడినవో తెలుపవలసినదనియు ఒక పాఠకుడు వ్రాసిన యుత్తరము చూచిన పిమ్మట, ఈ మాసమునకు తలపెట్టిన తోకచుక్కల వ్యాసమును ప్రక్కకు నెట్టక తప్పినది కాదు.

సర్వరులో ఫైబర్ ఛానల్ పోర్టులు రెండు. వానినుండి రెండు వేర్వేరు స్విచ్చులకు కేబుళ్లు. ఒక్కొక్క స్విచ్చునుండి స్టోరేజి పెట్టెలోని రెండు కంట్రోలర్లకును కేబుళ్లు. రెండు రెళ్లు నాలుగు. కెర్నలు త్రోవకొక పేరు పెట్టినదే కాని డిస్కు ఒక్కటియే. ఏ త్రోవన అడిగినను అది చెప్పు గుర్తింపు సంఖ్య మారదు కనుక, మల్టీపాత్ అను ప్రోగ్రాము ఆ నాలుగింటిని గుర్తించి ఎంపాత్‌ఏ వంటి యొక్క పేరు క్రిందికి చేర్చును. మౌంటు చేయవలసినది ఆ పేరునే; ఎస్‌డీబీని చేసినచో మిగిలిన త్రోవలు అలంకారప్రాయములు.

ఇంతవరకు లెక్కయే. అసలు చమత్కారము, పని చెడినప్పుడు దోషమెవ్వరిదో తేల్చుటలో నున్నది. పంపిన ఉత్తరము తిరిగి వచ్చినదనుకొందము: వాగు పొంగి దారి తెగుటచే వచ్చినదా, చేరవలసినవాడే పుచ్చుకొనక త్రిప్పి పంపెనా? మొదటిదైనచో వేఱు దారిన పంపవచ్చును. రెండవదైనచో ఎన్ని దారుల పంపినను వ్యర్థము. కేబులు ఊడినప్పుడు పోర్టు ఆ సంగతి చెప్పును, కెర్నలు అదే ఆజ్ఞను మఱియొక త్రోవన పంపును, అప్లికేషనునకు క్షణకాలపు జాగు తప్ప మఱేమియు తెలియదు. ఆజ్ఞ క్షేమముగా చేరిన తరువాత, ఆ సెక్టారు పాడైనదని డిస్కే చెప్పినచో దోషము త్రోవది కాదు. ఈ రెంటికిని నడుమ భేదమును పూర్వపు లైనక్సు పైపొరలకు తెలియనీయక, అన్నింటిని ‘ఐఓ ఎర్రర్’ అను ఒక్క గాటను కట్టివేసెడిది. అందుచే ఒక చెడ్డ సెక్టారు తగిలినపుడు మల్టీపాత్ మొదటి త్రోవను చెడినదని తీసివేసి రెండవదానిని పట్టుటయు, అచ్చటను అదే జవాబు వచ్చుటయు, తుదకు నిరపరాధులైన నాలుగు త్రోవలును వరుసగా శిక్షకు గురియగుటయు సంభవింపగలిగెడిది. 2011లో వెలువడిన 2.6.39 కెర్నలులో గాని ఎర్రర్లకు వేర్వేరు సంకేతములు కల్పింపబడలేదు; ఇంతటి విషయమునకు అంత ఆలస్యమేల జరిగెనో నాకిప్పటికిని వింతయే.

ఎర్రరుకంటె క్లిష్టమైనది మౌనము. జవాబే రాని ఆజ్ఞకొఱకు లైనక్సు మామూలుగా 30 సెకండ్లు వేచియుండును. డేటాబేసునకు అది యుగము. అందుకే మల్టీపాత్ పక్షమున తెరవెనుక నడచు మల్టీపాత్‌డీ అను ప్రోగ్రాము తాను ఊరకుండక, సుమారు 5 సెకండ్లకొకమారు మొదలుకొని, ఆరోగ్యముగానున్న త్రోవలపై వ్యవధిని క్రమముగా పెంచుచు, “సిద్ధముగా నున్నావా?” యని డిస్కును ప్రతి త్రోవనుండియు పలుకరించుచుండును, తెగిన త్రోవ తిరిగి పలికిన వెంటనే దానిని జట్టులో చేర్చుకొనును.

ప్రయోజనముల మాట యెత్తుటకే విసుగు: ఇన్ని హంగులు కొని రెండు కేబుళ్లను ఒకే స్విచ్చునకు గ్రుచ్చువారును, దీనిని బ్యాకప్పని భ్రమించువారును తక్కువ కాదు. నాలుగు త్రోవలును ఒక్కసారిగా పోయినపుడేమి చేయవలెనో కాన్ఫిగరేషన్ ఫైలులో ముందుగా వ్రాసికొనువారు మఱియు నరుదు. వెంటనే ఎర్రరిమ్మన్నచో ఫైల్ సిస్టము దెబ్బతినకుండ రీడ్ ఓన్లీగా మారిపోవచ్చును. క్యూలో నిలుపుమన్నచో ప్రోగ్రాములు డీ స్థితిలో స్తంభించి, కిల్ మైనస్ నైన్‌కును లొంగక, ఒక త్రోవయైనను తిరిగి వచ్చువరకో, అడ్మినిస్ట్రేటరు ఆ క్యూను రద్దు చేయువరకో అట్లే పడియుండును.