ఒక యంత్రము, ముప్పది సర్వర్లు

వరికుంటపాడు పేరులోనే వరియు, కుంటయు నున్నవి. నెల్లూరు జిల్లాకు పడమట, ఉదయగిరి ప్రాంతమున నున్న యీ మెట్టసీమలో వానలు తక్కువ. కుంట నిండిన యేట నీరెట్లు పంచుకొనవలెనో అచ్చటి రైతులకు మనము చెప్పనక్కరలేదు. కుంట యొక్కటే, పొలములు పెక్కు. ప్రతి పొలమునకు గట్టున్నది. నీటికి వంతున్నది. వంతు తప్పకుండ తూము కనిపెట్టి యుండుటకు నీరుగంటి కావలెను. గట్టు, వంతు, నీరుగంటి – ఈ మూడింటిని జ్ఞప్తియం దుంచుకొనుడు.

పదవ తరగతి ఫలితములు వెలువడిన నాడు ఆ యూరి బాలిక యొకతె చేతిఫోనులో తన సంఖ్యను నొక్కును. రెప్పపాటులో మార్కులు కానవచ్చును. ఆ మార్కులు ఫోనులో లేవు. ఎక్కడనో దూరమున, రేయింబవళ్లు ఆగక పనిచేయు కంప్యూటరు వానిని దాచియుంచి, అడిగినవారికి పంపుచున్నది. ఇట్లు అడిగినది అందించు కంప్యూటరునకు సర్వరని పేరు. వెబ్‌సైటునకు అది నివాసము. ఆ నివాసమును అద్దెకిచ్చుటయే వెబ్ హోస్టింగు.

పూర్వము ఈ అద్దె రెండు విధములుగా నుండెడిది. ధనవంతుడు యంత్రమంతయు తానే తీసికొనును. అందు ముప్పాతిక భాగము ఊరక పడియుండును. లేనివారు వందలమంది ఒకే యంత్రమున సర్దుకొందురు. ఇది చౌకయే, కాని ఒక సైటుపై జనము విరుచుకొని పడిన దినమున తక్కినవన్నియు నీరసించును. ఒకదానిలో దొంగ దూరినచో పొరుగువానికిని నిద్ర యుండదు.

ఈ రెంటికి నడుమ పుట్టినదే వర్చువల్ ప్రైవేట్ సర్వరు. విడిగా యంత్రము లేకున్నను ఉన్నట్లే పనిచేయును గనుక అది ‘వర్చువల్’. తన హద్దులో తానే యజమాని గనుక ‘ప్రైవేట్’. ఒక పెద్ద యంత్రమున 32 కోర్లు, 256 జీబీ మెమరీ యున్నవనుకొనుడు. దానిని 30 భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు 8 జీబీ మెమరీ యిత్తురు. ఇది గట్టు వేసిన పొలము. ఒకరిది మరియొకరు తాకరాదు. 240 జీబీ పోగా మిగిలిన 16 జీబీ నీరుగంటిది. ఈ నీరుగంటి పేరు హైపర్‌వైజర్. లెక్కలు చేయు కోర్లను క్షణములో వేయవ వంతుల చొప్పున వంతులవారీగా అందరికి తిప్పుచుండునది అదియే. ప్రతి భాగమును తాను పూర్తి కంప్యూటరునని భావించును. తన ఆపరేటింగ్ సిస్టమును తాను నడుపుకొనును. ఇతరులకు తెలియకుండ ఆగి, మరల మొదలుకాగలదు.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1967 నాటికే అమెరికాలో ఐబీఎం సంస్థవారు సీపీ-67 అను ఏర్పాటుతో ఒకే యంత్రమును పలువురికి పలు యంత్రములుగా చూపిరి. సామాన్య కంప్యూటర్ల ప్రాసెసరు మాత్రము చాలకాలము ఇందుకు లొంగలేదు. 1999లో వీఎంవేర్ సంస్థ యుక్తిచే దానిని లొంగదీసినది. 2003లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున జెన్ వెలువడినది. 2007లో లినక్సునందే కేవీఎం చేరిన పిమ్మట ఈ విద్య ఎల్లరకు ఉచితముగా లభించినది.

ఇక అసలు సంగతి. ఇట్టి సర్వరును ఒక్క పనికే కేటాయించుట మేలని అనుభవజ్ఞు లందురు. వెబ్ పుటలు చూపుటకు ఒకటి, ఉత్తరములకు ఒకటి, మార్కుల పట్టిక దాచుటకు ఒకటి. ఎందుకన, పుటలు చూపు సర్వరు వీధి యరుగు వంటిది. లోకమంతయు దాని ముంగిటికి వచ్చును. వచ్చినవారిలో దుష్టులును ఉందురు. దానికి 80, 443 అను రెండు ద్వారములు తెరచి, తక్కినవన్నియు మూసివేయుదురు. ఉత్తరముల సర్వరునకు 25వ ద్వారము కావలెను. ఇచ్చట దానితో పనిలేదు. మార్కుల పట్టిక మరియొక గోడ వెనుక నుండును. అరుగుపైకి దొంగ యెక్కినను ఆ గోడ దాటవలెను. దాటినచో ఒక బాలిక మార్కులు మారిపోవచ్చును. అరుగు పాడైనదాని కంటె అది ఎన్నిరెట్లు ఘోరము! ఫలితముల నాటి రద్దీకి అరుగులను మాత్రమే పదింతలు చేసి, మరునాడు తీసివేయవచ్చును.

అయినను పైలెక్కలో ఒక చిక్కున్నది. అద్దెకిచ్చువాడు 30 మందికి రెండేసి కోర్ల చొప్పున మాట యిచ్చెననుకొనుడు. మొత్తము 60, ఉన్నవి 32. అందరు ఒకేమారు అడుగరను ధైర్యము! కుంట నీటికి మించి ఆయకట్టు చూపిన పెద్దలను మన మెరుగనివారము కాము. గట్లును అభేద్యములు కావు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అను లోపములు బయటపడి, ఒకరి మెమరీలోని రహస్యమును ప్రాసెసరు పనితీరును బట్టి మరియొకరు పసిగట్టవచ్చునని తేలినది.

గట్లెన్ని యున్నను కుంట యొక్కటే కదా. 2021 మార్చి 10వ తేదీ తెల్లవారకముందే ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గు నగరమున ఓవీహెచ్ సంస్థ డేటా సెంటరుకు నిప్పంటుకొనెను. ఒక భవనము పూర్తిగా కాలిపోయినది. ప్రాణనష్టము లేదు గాని సుమారు 36 లక్షల వెబ్‌సైట్లు నిలిచిపోయినవి. వేరొక యూర నకలుంచుకొన్నవారు తేరుకొనిరి. కొందరి నకళ్లు అదే ఆవరణలో నుండి, అసలుతోపాటు బూడిదయైనవి.

2022 నవంబరులో అమెజాన్ సంస్థ హైదరాబాదున తన కేంద్రమును తెరచినపుడు దానిని ఒక్కచోట గాక, ఒకదాని కొకటి దూరముగా, వేర్వేరు విద్యుత్ ఏర్పాట్లతో మూడు విభాగములుగా నెలకొల్పినది. అచ్చట సర్వరు అద్దెకు తీసికొనువాడు తన పట్టికను ఒక విభాగమున నుంచి, దాని నకలును రెండవదానిలో నుంచుకొనవచ్చును. ఆ రెండవ నకలుకు అద్దె వేరు.