పాత జీపు వయసు, సైనిక సేవ: ఆనవాళ్ల పరిశీలన

రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం వాడిన పావు టన్ను జీపును చూసి అది ఏ ఏట తయారైందో, ఏ దళంలో పనిచేసిందో తేల్చడం పైకి కనిపించినంత సులువు కాదు. ఒకే నమూనాను ఒకే కొలతలతో రెండు కంపెనీలు తయారుచేయడం, ఒకదాని విడిభాగాలు మరొకదానికి అతికేలా ఉండాలని సైన్యం పట్టుబట్టడం, యుద్ధరంగంలోని మరమ్మతు శాలలు ఆ వెసులుబాటును పూర్తిగా వాడుకోవడం ఇందుకు కారణాలు.

బాంటమ్ అనే చిన్న కంపెనీ తన తొలి నమూనాను 1940 సెప్టెంబరు 23న మేరీల్యాండ్ రాష్ట్రంలోని హోలబర్డ్ సైనిక శిబిరానికి అందజేసింది. అయితే 60 అశ్వశక్తి, 2.2 లీటర్ల ఇంజిన్ ఉన్న, విల్లిస్ అనే మరో కంపెనీ బండినే సైన్యం 1941లో ప్రామాణికంగా ఎంచుకుని, అవసరమైనన్ని బండ్లు ఆ ఒక్క కంపెనీ ఇవ్వలేదని గ్రహించి, అదే ఏడాది చివర ఫోర్డ్‌కు కూడా పని అప్పగించింది. విల్లిస్ బండికి ఎంబీ అనీ, ఫోర్డ్ బండికి జీపీడబ్ల్యూ అనీ పేర్లు. యుద్ధం ముగిసేనాటికి రెండూ కలిసి ఆరు లక్షలు దాటాయి.

ఈ రెంటినీ వేరుచేసే ఆనవాళ్లలో అన్నిటికంటే నమ్మదగినది ఛాసీ, అంటే ఇంజిన్‌నూ పైకట్టునూ మోసే ఉక్కు చట్రం. దాని ముందుభాగాన, రేడియేటర్ కింద కనిపించే అడ్డకమ్మి ఎంబీలో గుండ్రని గొట్టంగా ఉంటే, జీపీడబ్ల్యూలో బోర్లించిన పెట్టెలా పలకలుగా ఉంటుంది. విల్లిస్ కంపెనీ క్రమసంఖ్యను 100001తో మొదలుపెట్టి, చిన్న రేకు మీద ముద్రించి, ముందు బంపర్ వెనక చట్రపు ఎడమ దూలం లోపలివైపున రివెట్లతో బిగించింది. ఫోర్డ్ ఒకటి నుంచి లెక్క మొదలుపెట్టి, సంఖ్యను ఎడమ దూలం పైభాగాన, ఇంజిన్ ఆధారం దగ్గర, ఉక్కులోకే అచ్చుగుద్ది, రెండు కొసలా నక్షత్రపు గుర్తు వేసింది. రేకు ఊడిపోవచ్చు, కొత్తది బిగించవచ్చు. ఉక్కులో దిగిన అచ్చు మాత్రం రంగు పొరల కింద దాగినా చెరిగిపోదు గనుక, ఈ విషయంలో ఫోర్డ్ పద్ధతే పరిశోధకుడికి మేలు చేసింది.

ముందు జాలీ కూడా కాలాన్ని సూచిస్తుంది. విల్లిస్ తొలి పాతిక వేల బండ్లకు ఉక్కు పట్టీలను వరసగా వెల్డింగ్ చేసిన జాలీ ఉండేది. ఫోర్డ్ రూపొందించిన, ఒకే రేకును అచ్చుకొట్టి తొమ్మిది చీలికలు తీసిన తేలికైన జాలీని 1942లో విల్లిస్ కూడా స్వీకరించింది. ఫోర్డ్ తన బోల్టుల మీద సైతం ఎఫ్ అక్షరం వేసుకుంది. కానీ బోల్టులు చేతులు మారే వస్తువులు, వాటినిబట్టి బండి జాతిని నిర్ణయించడం తొందరపాటు అవుతుంది.

డ్యాష్‌బోర్డుకు బిగించిన సమాచార ఫలకంలో సైన్యానికి అప్పగించిన తేదీ ఉంటుంది. చాలామంది యజమానులు అంతటితో తృప్తిపడతారు, కానీ అచ్చం అలాంటి కొత్త ఫలకాలు బజారులో దొరుకుతున్నందున, ఛాసీ సంఖ్య సూచించే కాలంతో పొసగని ఫలకానికి సాక్ష్యంగా విలువ లేదు. ఇంజిన్ సంఖ్య సరిపోకపోవడాన్ని మాత్రం దోషంగా లెక్కించనవసరం లేదు. సైనిక సేవలో ఇంజిన్ మార్పు మామూలే.

సేవాచరిత్ర రంగు పొరల్లో దొరుకుతుంది. బానెట్ పక్కల 20తో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్యను తొలినాళ్లలో దూరానికి కనిపించని మసక నీలిరంగులోనూ, తరువాత తెల్లరంగులోనూ రాసేవారు. సంఖ్య చివర ఎస్ అక్షరం ఉంటే, రేడియోకు అంతరాయం కలగకుండా విద్యుత్ పరికరాల నుంచి వచ్చే అలజడిని అణచిన బండి అని అర్థం. బంపర్ ఒక కొసన పై దళం, రెజిమెంటు గుర్తులు, మరో కొసన కంపెనీ, వరస సంఖ్య ఉండేవి. పై పొరలను సన్నని నీటి గరుకుకాగితంతో ఓపికగా అరగదీస్తే ఈ అంకెలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఇసుకను వేగంగా చిమ్మి తుప్పు వదిలించే యంత్రాన్ని ప్రయోగిస్తే తుప్పుతోపాటు చరిత్రా పోతుంది.

యుద్ధం తరువాత వచ్చిన జీపులు గుర్తింపులోని గందరగోళాన్ని పెంచాయి. ఫ్రాన్స్‌లో హాచ్‌కిస్ కంపెనీ విల్లిస్ అనుమతితో దాదాపు అదే రూపంలో ఎం201 జీపులను తయారుచేసింది. వాటి విడిభాగాలు అసలు యుద్ధకాలపు బండ్లలోకి చేరాయి. మన దేశంలో మహీంద్రా 1947 నుంచి విల్లిస్ జీపులను కూర్చి అమ్మింది గనుక, ఇక్కడ యుద్ధకాలపుదని చెప్పే జీపు ముందు జాలీలో తొమ్మిదికి బదులు ఏడు చీలికలుంటే అది పౌర నమూనాల సంతతి కావచ్చునని అనుమానించాలి. కొనదలచినవారు కాగితాలు అడిగేముందు ముందు బంపర్ వెనక వంగి, మడ్డి తుడిచి, అడ్డకమ్మి ఆకారాన్నీ ఎడమ దూలాన్నీ చూసుకోవడం మంచిది.