నిప్పు లేని కొలిమి

కూరగాయలు తరుగు కత్తిని పరిశీలింపుడు. దాని అంచు గట్టిగా నుండవలెను. లేనిచో త్వరలోనే మొద్దుబారును. అట్లని కత్తి యంతయు గాజువలె గట్టిపడినచో కొద్దిపాటి దెబ్బకే పుటుక్కున విరుగును. గట్టిదనము, విరుగనితనము అను ఈ రెండు గుణములను ఒక్క ఉక్కుముక్కలో కూర్చుటయే కత్తులు చేయువాని విద్య. ఈ విద్యకు మూలము వేడి.

తగినంత కర్బనము గల ఉక్కును సుమారు 800 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాచినచో దాని లోపలి పరమాణువుల అమరిక మారును. వెంటనే నూనెలో ముంచి చల్లార్చినచో అది మిక్కిలి కఠినమగును, కాని పెళుసగును. ఆ పెళుసుదనము తగ్గుటకై మరల సుమారు 200 డిగ్రీల వేడిలో కొంతసేపు ఉంచుదురు. మొదటి వేడి చాలనిచో ఉక్కు గట్టిపడదు. మితిమీరినచో లోపలి రేణువులు పెద్దవై కత్తి బలము చెడును. పూర్వము కమ్మరి కాగిన ఉక్కు రంగును చూచియే ఈ వేడిని గుర్తించుచుండెను.

నేడు కొన్ని కర్మశాలలలో బొగ్గుల కొలిమికి బదులుగా రాగిగొట్టపు చుట్టను వాడుచున్నారు. సెకనుకు వేలకొలది మారులు దిశ మార్చుకొను విద్యుత్తు దానిలో ప్రవహించును. చుట్టనడుమ కత్తి నుంచినచో, చుట్ట దానిని తాకకున్నను, మారుచుండు అయస్కాంత క్షేత్రము ఉక్కులోనే సుడివలె తిరుగు విద్యుత్ప్రవాహములను పుట్టించును. ఉక్కు వానిని నిరోధించుటచే వేడి జనించి, కొద్ది క్షణములలోనే కత్తి ఎర్రబారును. చుట్టయు వేడెక్కకుండుటకై గొట్టములో నీటిని పారించుదురు. ఈ పద్ధతిచే అంచును మాత్రమే కాచి గట్టిపరచి, వెనుకనున్న మందపు భాగమును విరుగనిదిగా వదలవచ్చును.

అయినను జాగ్రత్త వలయును. చుట్టకు దగ్గరగా నున్న భాగము ముందుగా కాగును. కావున కత్తిని ఒకచోట నిలుపక మెల్లగా జరుపుచుందురు. సుమారు 770 డిగ్రీలు దాటిన ఇనుము అయస్కాంతమునకు అంటుకొనదు; ఈ గుర్తు వేడిని అంచనా వేయుటకు తోడ్పడును.

ఈ విద్యుత్ప్రేరణ సూత్రమును 1831లో కనుగొన్న మైకేల్ ఫారడే ఒక కమ్మరి కుమారుడు. అంతకుముందే, 1819లో, ఆయన ఊట్జ్ అను భారతదేశపు ఉక్కును పరీక్షించి వ్యాసము ప్రకటించెను. అట్టి ఉక్కునకు నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు పేరుపొందిన ఊరు.

కొలిమి మారినను ఉక్కు ధర్మము మారలేదు. ఎంత వేడి, ఎంతసేపు, ఎప్పుడు చల్లార్చుట అను మూడింటిని ఎరిగినవాని చేతిలోనే మంచి కత్తి తయారగును.